బయటి పిల్ల అడుగుపెట్టని ఇళ్లు

1938 మే 12, గురువారం. బహుధాన్య వైశాఖ శుద్ధ త్రయోదశి. పొద్దుటి నుంచే వడగాలి.

హాజరైనవారు: మా నాయన, మా అమ్మ, నాయన తమ్ముడైన మా చిన్నాయన, మా అక్క, ఆమె భర్త, వాళ్ల కూతురు, వాళ్ల కొడుకు, నా భార్య, నేను, చివరగా వచ్చిన మా తమ్ముడు. ఇంటివాళ్లు కానివాళ్లు ఇద్దరే: మా వంశం చెప్పే ముసలాయన, ఆయన భార్య.

ఆనాటి డైరీ పేజీలో ఉన్నది ఇంతే. పదిహేనో ఏటి నుంచి ఈనాటి వరకు రోజూ రాస్తున్నాను. వాన పడితే ఎన్ని గంటలకు పడిందో, ఎవరింటికి ఎవరు వచ్చారో, ఏ పశువు ఈనిందో, అన్నీ ఉంటాయి. ఆ రోజు మాత్రం హాజరు వేసి కలం కింద పెట్టేశాను. ఏం జరిగిందో రాయడానికి చెయ్యి రాలేదు. నలభై ఏళ్లు దాటిన తర్వాత ఇప్పుడు రాస్తున్నాను. ఒక్క మాట కూడా మరచిపోలేదు.

అది మా తమ్ముడికీ అక్క కూతురికీ తాంబూలాలు పుచ్చుకోవలసిన రోజు. మా బంధుత్వాలు ముందే చెప్పాలి. మా అక్క భర్త మా అమ్మకు సొంత తమ్ముడు. అందుకే ఆయనను బావ అనకుండా చిన్నప్పటి అలవాటు కొద్దీ మామ అనే పిలిచేవాళ్లం. మా అమ్మా నాయనా మేనత్త మేనమామ బిడ్డలు. నా భార్య మా అమ్మ పెద్దన్న కూతురు. ఇప్పుడు అక్క కూతురు మా తమ్ముడికి. ఇందులో విశేషమేమీ లేదు. రాచర్లకూ గిద్దలూరుకూ నడుమ ఉన్న మా ఊళ్లో, సేద్యం చేసుకునే మా వాళ్ల ఇళ్లన్నింటిలో ఇదే పద్ధతి. ఆడపిల్ల పుడితే, ఆ పిల్ల ఏ ఇంటికి పోతుందో పురిటి గదిలోనే తేలిపోయేది.

అప్పట్లో మాది కర్నూలు జిల్లా, మద్రాసు సర్కారు. ఊళ్లో అధికారులు అడుగుపెట్టేది శిస్తు కోసమే. వచ్చినవాళ్లు ముందుగా ఆశ్చర్యపోయేది మా చేతులు చూసి. మా ఊళ్లో అందరూ చేతులతో మాట్లాడేవాళ్లు. మీసం మెలిపెట్టినట్టు చేస్తే నాయన. మెడ దగ్గర మూడుసార్లు వేళ్లు తిప్పితే పెళ్లి. ముక్కు పట్టుకుంటే శిస్తు వసూలుకు వచ్చే ఆయన. ఆయన ఎదుటే మా ఆడవాళ్లు చేతులతో ఆయన పొట్టను గురించి మాట్లాడుకుంటుంటే, పాపం ఆయన అదేదో ఊరి మర్యాద అనుకుని తలాడించేవాడు.

ఈ చేతుల భాషకు కారణం, మా ఇళ్లలో చెవిటి మూగవాళ్లు ఎక్కువ. నలుగురైదుగురు పిల్లలున్న ఇంట్లో ఒకరైనా ఉండేవారు. మా చిన్నాయన మూగవాడు. అక్క కొడుకు, అప్పటికి తొమ్మిదేళ్లవాడు, మూగవాడు. వాళ్లతో మాట్లాడాలి కాబట్టి అందరికీ చేతుల భాష వచ్చేసింది. చేను ఆ చివర ఉన్నవాడిని గట్టు మీది నుంచి అరవకుండా పిలుచుకోవడానికి చెవులున్నవాళ్లమూ దాన్నే వాడేవాళ్లం. ఎండాకాలం, వానాకాలం ఎట్లా ఉన్నాయో ఇదీ అట్లాగే ఉందనుకున్నాం.

కారణం ఏమిటని అడిగితే మా పెద్దవాళ్ల దగ్గర జవాబు ఉండేది: బావి. ఊరి నడుమ మాకొక మంచినీళ్ల బావి ఉండేది. నీళ్లు తియ్యగా ఉండేవి. నా చిన్నతనంలో ఎవరో తిరుగుడు సాధువు వచ్చి, ఆ నీళ్లు మాటను మింగేస్తాయని చెప్పి పోయాడు. ఒక్క ఏడాదిలోనే ముగ్గురు మూగపిల్లలు పుట్టేసరికి ఊరంతా ఆ మాట నమ్మింది. ఆ బావి వదిలేసి, వాగు పక్కన ఉప్పునీళ్ల బావి తవ్వుకుని, ఆ నీళ్లే తాగడం మొదలుపెట్టాం. పాత బావి మూగబావి అయింది. అంతకుముందు ఆ బావి దరిదాపుల్లోకి రానివ్వని ఊరవతలి పాలెం వాళ్లు, అక్కడి కూలీనాలీ చేసుకునే క్రైస్తవ కుటుంబాలు, మేము తోడుకుంటామయ్యా అని అడిగితే మా పెద్దలు సంతోషంగా ఒప్పుకున్నారు. ఇవ్వడంలో తమ గొప్పతనం ఉందనే అనుకున్నారు. విషమని వదిలినదాన్ని పక్కవాళ్లకు ఇస్తున్నామే అన్న ఆలోచన ఎవరికీ వచ్చినట్టు లేదు.

ఇక ఆ రోజు సంగతి.

నేను అప్పుడు పశువుల దవాఖానలో కాంపౌండరును. పల్లెలకు పోయినప్పుడు రైతులకు చెప్పవలసిన సంగతులు మా డాక్టరుగారు నాకు నేర్పారు. వాటిలో ఒకటి ఆబోతును గురించి. మా ప్రాంతంలో దేవుడి పేర ఒక కోడెను ముద్ర వేసి వదులుతారు. ఊరి ఆవులన్నింటికీ అదే ఆబోతు. అది ముసలిదైతే దాని కోడెదూడల్లోనే బాగున్నదాన్ని చూసి మళ్లీ వదులుతారు. అట్లా తరాలు గడిచిపోతాయి. మా దొడ్లో అంతకుముందు ఏడాది రెండు దూడలు కళ్లు లేకుండా పుట్టాయి. తాంబూలాలకని నేను సెలవు మీద ఇంటికి వచ్చేసరికి, నాయన ఒక పెయ్యను ఊరి ఆబోతు దగ్గరికి తోలబోతున్నాడు. వద్దని నేను పట్టుబట్టాను. రాచర్ల దగ్గర ఒక రైతు బయటినుంచి మంచి ఆబోతును తెచ్చాడని నాకు తెలుసు. నాయన గొణిగి గొణిగి చివరకు, తెల్లవారుజామునే పెయ్యను ఇచ్చి తమ్ముణ్ణి అక్కడికి పంపాడు. పెళ్లికొడుకే ఎందుకు పోవాలో ఎవరూ అడగలేదు. పశువుల పని వాడిదే.

ముహూర్తం దగ్గర పడింది. తమ్ముడు రాలేదు. వసారాలో చాప మీద తాంబూలాల పళ్లెం పెట్టి అందరం కూర్చున్నాం. వంశం చెప్పే ముసలాయన ఏటా పంటలు ఇంటికి చేరాక వచ్చేవాడు. ఆయన భార్య గుమ్మెట వాయిస్తుంటే మా మూలపురుషుడి నుంచి మొదలుపెట్టి ఎవరికి ఎవరు పుట్టారో పాడేవాడు. మేము జొన్నలో, ఒక పంచో ఇచ్చేవాళ్లం. ఈసారి మంచిరోజు చూసుకుని వచ్చాడని అమ్మ మురిసిపోయింది.

"ఏంది, పెండ్లికొడుకు ఏడబోయినాడు? పిల్ల నచ్చక పారిపోయినాడా?" అన్నాడు మామ.

"పెయ్యను తోలకపోయినాడు," అన్నాడు నాయన. "నీ మేనల్లుడు లేడా, ఈ దవాఖాన దొర, మన ఆబోతు పనికిరాదంట."

"ఏం, దానికేమి రోగమొచ్చింది?"

"రోగమేం లేదంట. పెయ్యకు అది నాయనంట."

మామ పగలబడి నవ్వాడు. "అయితే పెయ్యకు సంబంధం చూసొచ్చేదాకా మనవాడి సంబంధం ఆగాల్నా? బాగుందిరా నీ ఉద్యోగం!"

"నవ్వొద్దు మామా," అన్నాను నేను. "ఒకే రక్తం మళ్లా మళ్లా కలిస్తే అట్లనే అయితాది. లోపల దాగిన తప్పు బయట పడతాది. పోయినేడు రెండు దూడలు కండ్లు లేకుండా పుట్టలా? బయటి ఆబోతు వస్తే ఆ దోషం పోతాది."

"సిగ్గులేని మాటలు, ఆడపిల్ల ముందర," అంది అమ్మ. అందరూ నవ్వారు. చిన్నాయనకు మా అక్క చేతులతో తర్జుమా చేసి చెప్పింది. ఆయన కూడా నవ్వి, ఆబోతు కొమ్ములు పెట్టి నాయన వైపు చూపించాడు.

తమ్ముడు దుమ్ము కొట్టుకుని వచ్చాడు. కాళ్లు కడుక్కుని, అమ్మ ఇచ్చిన కొత్త పంచ కట్టుకుని కూర్చున్నాడు. "కుదిరిందారా?" అన్నాడు మామ. తాంబూలాల గురించేమో అనుకుని తమ్ముడు సిగ్గుపడ్డాడు. "పెయ్య సంగతిరా నాయనా!" అని మామ తొడ కొట్టుకుని నవ్వాడు. అమ్మ పళ్లెం ఎత్తి నాయన చేతికి ఇవ్వబోయింది.

అప్పుడు అక్క కూతురు, అప్పటిదాకా తలుపు పక్కన తల వంచుకుని కూర్చున్న పిల్ల, నా వైపు చూసి అడిగింది.

"మామా, పెయ్యకు పనికిరానిది నాకెట్ల పనికొస్తాది?"

గుమ్మెట మీద ముసలమ్మ చెయ్యి అట్లాగే ఉండిపోయింది. ఆ పిల్లకు పదహారేళ్లు. మా ఇళ్లలో పెళ్లికూతురు పెద్దల ముందు మాట్లాడటమే లేదు. మాట్లాడినా, ఇటువంటి మాట ఎవరూ ఎన్నడూ అని ఉండరు.

అక్క చెయ్యెత్తింది. "నోర్ముయ్! కొవ్వెక్కిందా?"

"కొట్టమ్మా. కొట్టి, జవాబు చెప్పు," అంది పిల్ల. "నాయనకూ నీకూ రక్తం ఒకటే. చిన్నమామకూ నాకూ ఒకటే. ఇప్పుడేగదా లోపల దాగింది బయట పడతాదని ఈ మామ చెప్పినాడు, మీరంతా నవ్వినారు."

మూడేళ్లుగా ఆ మాటనే ఎన్ని పల్లెల్లో ఎన్ని రచ్చబండల మీద నిలబడి చెప్పానో. చిత్రంగా, చెబుతున్నప్పుడు నా కళ్లముందు ఎప్పుడూ పశువులే కనబడేవి. తలుపు లోపల నిలబడిన నా భార్య వైపు చూశాను. ఆమెకు అప్పుడు నాలుగో నెల. ఆమె కూడా నన్నే చూస్తోంది. ఆ చూపును గురించి ఇన్నేళ్లలో నేనెవరికీ చెప్పలేదు.

మామ ముందుగా తేరుకున్నాడు. "పశువులూ మనుషులూ ఒకటేనా? ఏం మాటలివి? అది బావి నీళ్ల దోషం. ఊరందరికీ తెలిసిందే."

"నా తమ్ముడు ఆ బావి నీళ్లు ఎప్పుడు తాగినాడు నాయనా?" అంది పిల్ల.

వాడు పుట్టడానికి కొన్నేళ్ల ముందే మా వాళ్లు ఆ బావి వదిలేశారు. అక్క కడుపుతో ఉన్నప్పుడు ఆ బావి నీళ్లు ఇంట్లోకి కూడా రానివ్వలేదు. వాగు పక్కనుంచి ఉప్పునీళ్లు మోసి మోసి అమ్మ నడుము పోయింది.

"ఆ నీళ్లు ఇప్పుడు తాగేటోళ్లు పాలెమోళ్లు," అంది పిల్ల. "ఆదివారం పొద్దున వాళ్ల పిలకాయలు పాడే పాటలు మన దొడ్డి దాకా వినపడ్తాయి. వాళ్లలో మూగోళ్లు ఎవరో చెప్పండి."

ఇది రెండో దెబ్బ. మొదటిదాని కంటే గట్టిగా తగిలింది. ప్రతి ఆదివారం ఆ పాటలు మేమందరం విన్నాం. గుడిసె చర్చిలో పిల్లలు గొంతు చించుకుని పాడుతుంటే నాయన విసుక్కునేవాడు కూడా. ఆ గొంతులు ఏ నీళ్లతో తడుస్తున్నాయో మాలో ఒక్కరికీ తోచలేదు. నిండు చెవులు ఉన్నవాళ్లమే.

నాయన పళ్లెం కింద పెట్టాడు. వంశం చెప్పే ముసలాయన వైపు తిరిగాడు.

"పెద్దాయనా, మా ఇండ్లల్లోకి బయటినుంచి వచ్చిన కోడలు ఎవరో చెప్పు."

"నడుమ నుంచి నాకు రాదు సామీ. మొదట్నుంచి పాడాల."

"పాడు."

గుమ్మెట లేకుండానే పాడాడు. మూలపురుషుడు భార్యతో కలిసి ఈ నేలకు వచ్చింది మొదలు, నలుగురు కొడుకులు, వాళ్లకు ఎవరెవరు, ఏ ఇంటి పిల్ల ఏ ఇంటికి పోయింది. నాయన ఒక్కొక్క తరానికి ఒక వేలు మడుస్తూ పోయాడు. మూడో తరంలో ఒకచోట ముసలాయన ఆగాడు.

"ఈయమ్మ పొదిలి కాడినుంచి వచ్చింది సామీ. బయటి పిల్ల."

"ఆమె తర్వాత?"

"ఆయమ్మ తర్వాత లేరు. అంతా మీ ఇండ్లల్లోనే."

"మూగోళ్లు ఎప్పట్నుంచి?"

మా ముసలాయన ఆ మాట ఎప్పుడూ వాడేవాడు కాదు. పాటలో వాళ్లను మాట దాచుకున్నవాళ్లు అనేవాడు. కళ్లు మూసుకుని పెదవులు కదిపి, "అయిదో తరంలో మొదటాయన సామీ. ఆడనుంచి పెరుగుతా వచ్చినారు," అన్నాడు.

"కరువుకు బేస్తవారిపేట పోయినోళ్లు మా అన్నదమ్ములేగదా? నాలుగో తరంలో పోయినారు. వాళ్లల్లో ఎందరు?"

"వాళ్లకు ఆడ మీవాళ్లు లేరు గదా సామీ. దొరికిన చోటల్లా పిల్లలను తెచ్చుకున్నారు. ఒకామె కంభం, ఒకామె మార్కాపురం, ఒకామె ఇంకేడనో." మళ్లీ కళ్లు మూసుకున్నాడు. ఈసారి చాలాసేపు పట్టింది. "వాళ్లల్లో ఒక్కరు గూడా లేరు సామీ. మా నాయన పాడినాడు, నేను పాడినాను. పాడినదాన్ని నేను ఇట్ల ఎప్పుడూ చూసుకోలేదు."

ఇప్పుడు దీన్ని జన్యువులనే మాటతో వివరిస్తారు. తర్వాతి కాలంలో నేను చదివి తెలుసుకున్నది నాకర్థమైనంతలో చెబుతాను. ప్రతి మనిషికీ ప్రతి లక్షణం జంటగా వస్తుంది, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఇటువంటి చెవుడు ఒక్క వైపు నుంచి వస్తే మనిషికి ఏమీ కాదు. తనలో ఉన్నట్టు కూడా తెలియకుండా బిడ్డలకు ఇచ్చిపోతాడు. రెండు వైపుల నుంచీ వస్తేనే బయటపడుతుంది. మా మూలపురుషుడిలోనో ఆయన భార్యలోనో అది ఒక పక్క దాగి ఉండి ఉండాలి. పెద్ద జనంలో అయితే అది చెదిరిపోయి, అటువంటివాళ్లు ఇద్దరు కలవడమే అరుదయ్యేది. మా ఇరవై ఇళ్లూ తమలో తాము ఇచ్చిపుచ్చుకుంటూ పోవడంతో అది ఎటూ పోలేదు. ప్రతి ఇంట్లోకీ చేరింది. చేరి, ప్రతి పెళ్లిలోనూ తనను తాను కలుసుకుంది. వేరే ఊరికి పోయిన కొమ్మలో బయటి రక్తం చేరగానే అణిగిపోయింది. మొదలు ఒక్కటే, తీసుకువచ్చిన కోడళ్లు వేరు. అంతే తేడా. ఇవన్నీ ఆ రోజు మాకు తెలియవు. తెలిసినదల్లా, ఒకే పాటలో రెండు ఊళ్లు ఉన్నాయని.

చిన్నాయన ఇంతసేపూ ముఖాలు చూస్తున్నాడు. ఎవరూ ఆయనకు ఏమీ చెప్పలేదు. అయినా మా పెదవులూ చూపులూ చదవడం ఆయనకు వచ్చు. లేచి నిలబడ్డాడు. తన గుండె మీద వేలు పెట్టుకున్నాడు. తర్వాత చీపురుతో ఊడ్చినట్టు చెయ్యి నేల మీదుగా వాకిలి వైపు తిప్పాడు. చెత్తకు మేము వాడే సంజ్ఞ అది. మళ్లీ తన గుండె మీద వేలు, మళ్లీ ఊడ్చడం. నాయనను అడుగుతున్నాడు.

ఆయన ఊళ్లోకెల్లా మంచి సేద్యగాడు. మా ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా పక్కన కూర్చునేది ఆయనే. నాయన చేతులెత్తి ఏదో చెప్పబోయాడు. వేళ్లు కుదరలేదు. దించేశాడు. అక్క కూతురు లేచి పోయి ఆయన ముందు కూర్చుని చేతులతో ఏదో చెప్పింది. ఆమె వీపు నా వైపు ఉంది, ఏం చెప్పిందో నాకు కనబడలేదు. ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. నవ్వలేదు.

అక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. "మీరంతా చెప్పేది బాగుంది. దీన్ని బయట ఎవరు చేసుకుంటారు? పోయినేడు పొదిలోళ్లు వచ్చినారా లేదా? వీడు వాకిట్లో చేతులతో ఆడుకుంటా ఉంటే చూసి మంచినీళ్లు గూడా తాగకుండా బండెక్కినారు. నా తమ్ముడు గాక దీనికి దిక్కెవరు? నా బిడ్డ ముసల్దయ్యేదాకా ఇంట్లో కూచోవాల్నా?"

ఆ రోజు నన్ను అన్నిటికంటే ఎక్కువగా అదరగొట్టింది ఇదే. మూగవాళ్లను చూసి బయటివాళ్లు రారు. వాళ్లు రారు కాబట్టి మాలో మేమే చేసుకుంటాం. మాలో మేమే చేసుకుంటాం కాబట్టి మూగవాళ్లు పుడతారు. ఎక్కడ పట్టుకుని తెంపాలో తెలియదు. మేనరికం అంటే ప్రేమ అనీ, పొలం చీలకుండా ఉండటం అనీ ఇన్నాళ్లూ అనుకున్నాం. అప్పటికది ప్రేమ కాదు, పొలం కాదు, మాకు మిగిలిన ఒకే ఒక్క వాకిలి.

"నువ్వేమంటావురా?" అని నాయన తమ్ముణ్ణి అడిగాడు.

కొత్త పంచ అంచు పట్టుకుని నలుపుతూ వాడన్నాడు: "నాకీ పిల్లంటే ఇష్టమే నాయనా. ఇష్టమని చెప్పి, అది వద్దనే దాంట్లోకి ఎట్ల లాగుదును?"

"మాటలు నేర్చినావు," అన్నాడు మామ. కోపం లేదు ఆ గొంతులో. అల్లుణ్ణి పోగొట్టుకుంటున్న మనిషి గొంతు అది. ఆయన కొడుకు, ఏం జరుగుతోందో తెలియక, పళ్లెంలోని అరటిపండు తీసుకుని తినడం మొదలుపెట్టాడు. ఎవరూ వారించలేదు. వాడు తింటుంటే అందరం చూస్తూ కూర్చున్నాం. ముహూర్తం దాటిపోయింది.

నా భార్య కాన్పు సంగతి ఇక్కడే రాసి ముగిస్తాను. బిడ్డ పుట్టాక నేను తలుపు వెనక కంచు గిన్నె కింద పడేశాను. బిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది. మేమిద్దరం కూడా ఏడ్చాం. అందులో మా తెలివి ఏమీ లేదు. మా పక్కింట్లో అదే ఏడు పుట్టిన బిడ్డ ఉలిక్కిపడలేదు.

మర్నాడు శుక్రవారం. పొద్దుపొడుపు వేళకు ముసలాయన, ఆయన భార్య మూటలు సర్దుకున్నారు. ముందు రోజు జరిగినదానికి ఈసారి ఏమీ దక్కదనుకున్నారేమో, అడగకుండానే వాకిలి దాటబోతున్నారు. అక్క లోపలి నుంచి చాటలో జొన్నలు తెచ్చి ముసలమ్మ ఒడిలో పోసింది. రాత్రంతా నిద్ర లేదని ఆమె కళ్లు చెబుతున్నాయి.

"తాతా, నువ్వు ఎన్ని ఊర్లు తిరుగుతావు?" అని ముసలాయనను అడిగింది.

"మీవాళ్లు ఉన్న ఊర్లన్నీ అమ్మా. పొదిలి దాకా, ఆ పక్క నంద్యాల దాకా."

"పోయిన చోటల్లా చెప్పు. ఇట్ల మా ఇంట్లో పిల్ల ఉంది. పని వచ్చు, మాట వచ్చు. మాట కొంచెం ఎక్కువే వచ్చు. దాని తమ్ముడు మూగోడు. అది గూడా చెప్పు. ముందే చెప్పు."

నాయన తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు. ఆ మాటకు ఆయన చెయ్యి తలుపు చట్రాన్ని పట్టుకుంది. వేరే ఊళ్లలో పాడేటప్పుడు మాట దాచుకున్నవాళ్లందరినీ పాటలోంచి తప్పించమని మా తాతల కాలం నుంచీ ముసలాయనకు కట్టడి ఉంది. అందుకు విడిగా ఒక పంచ ఇచ్చేవాళ్లం.

"అట్ల చెప్తే నన్ను గడప తొక్కనీరు గదమ్మా," అన్నాడు ముసలాయన.

"తొక్కనీయనోళ్ల గడప మాకొద్దు. తొక్కనిచ్చేటోళ్లు ఎవరో ఒకరు ఉండరా? బేస్తవారిపేట కాడినుంచి మొదలుపెట్టు. ఆ మన అన్నదమ్ములు పిల్లలను తెచ్చుకున్న ఇండ్లు ఉన్నాయి చూడు, ఆడ అడుగు."

ముసలాయన నాయన వైపు చూశాడు. నాయన తల ఒక్కసారి కిందికి దించాడు.

"ఎండలో ముసలోళ్లు ఎట్ల పోతారు? బండి కడతా," అన్నాడు తమ్ముడు. తనకు రావలసిన పెళ్లికూతురికి మొగుణ్ణి వెతకడానికి వాడే ఎద్దులను కాడికి కట్టాడు. వసారాలోంచి అక్క కూతురు, "మామా, నీ అంత నల్లటోడు వద్దని చెప్పు," అంది. వాడు ఎద్దు మీద చర్నాకోల ఆడిస్తూ, "నీ నోటికి చెవిటోడైతేనే సుఖపడతాడు," అన్నాడు. అనేసి, ఏమన్నానో తెలిసి, నాలుక కరుచుకున్నాడు. పిల్ల మాత్రం నవ్వేసింది. పిల్ల ఆ ప్రశ్న అడిగిన తర్వాత ఆ ఇంట్లో వినబడిన మొదటి నవ్వు అదే.

బండి కదలబోతుంటే చిన్నాయన దొడ్డి వైపు నుంచి వచ్చాడు. ఉతికిన పంచ కట్టుకున్నాడు, తల దువ్వుకున్నాడు. బయటి సంబంధం వాళ్లు వచ్చిన రోజుల్లో ఆయనను చేనికి పంపేసేవాళ్లం. ఆయనకు ఎందుకో తెలుసు. ఎన్నడూ మారు చెప్పలేదు. ఇప్పుడు బండి దగ్గరికి వచ్చి నాయన ఎదుట నిలబడి, రెండు వేళ్లు తన కళ్ల దగ్గర పెట్టి ముందుకు చూపించాడు. తర్వాత ఆ వేళ్లను తన వైపు తిప్పుకున్నాడు. వాళ్లు నన్ను చూడనీ, అంటున్నాడు.

నాయన అడ్డం వస్తాడనుకున్నాను. రాలేదు. చిన్నాయన ముసలమ్మను జరగమని సైగ చేసి, బండిలో ముందు, తమ్ముడి పక్కన, అందరికీ కనబడే చోట ఎక్కి కూర్చున్నాడు. బండి బేస్తవారిపేట దోవ పట్టింది.